ఇంటి చుట్టూ నేల: బండలా, పేవర్లా, కాంక్రీటా, గరుసా, పచ్చికా?

కడపలోనో, కర్నూలులోనో, అనంతపురంలోనో ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకునేవారు గదుల కొలతల గురించి ఆరు నెలలు ఆలోచిస్తారు. ప్రహరీకీ ఇంటికీ మధ్య మిగిలిన నేల మాత్రం గృహప్రవేశానికి పది రోజుల ముందు, చేతిలో డబ్బు అడుగంటిన వేళ, మేస్త్రీ వచ్చి "బయట ఏం పరుద్దాం సార్?" అని అడిగినప్పుడు గుర్తుకొస్తుంది. ఆ పూట పక్కింటివారు ఏది వేయించారో అదే వేయించడం మామూలు. ఆ నేల చిన్నదేమీ కాదు. ఐదు సెంట్లంటే 2,178 చదరపు అడుగులు. అందులో 1,200 అడుగుల మీద ఇల్లు లేచినా సుమారు 970 అడుగులు, అంటే 90 చదరపు మీటర్ల నేల ఆకాశం కింద మిగులుతుంది. వాన కురిసేది దాని మీద, ఎండ కాసేది దాని మీద, పిల్లలు ఆడేదీ పెద్దలు జారిపడేదీ దాని మీదనే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. నేలంతటికీ ఒకటే పరవాలనుకోవడంలోనే చిక్కు మొదలవుతుంది. బండి నిలిచే చోటు, మనిషి నడిచే దారి, ఎవరూ అడుగు పెట్టని మూల అనే మూడింటి అవసరాలూ మూడు రకాలు. వాటిని విడదీసి చూస్తే, "బండలా, పేవర్లా" అన్న ప్రశ్న "ఎక్కడ బండలు, ఎక్కడ పేవర్లు, ఎక్కడ ఏమీ వద్దు" అన్న ప్రశ్నగా మారి, జవాబు సులువవుతుంది. చాలాసార్లు ఖర్చు కూడా తగ్గుతుంది.

## కొటేషన్ కాగితంలో కనిపించే మాటలు

ఈ పని చేసేవారు ఇచ్చే కాగితంలో కొన్ని మాటలు తరచుగా వస్తాయి. రాయి, సిమెంటు, ఇటుకలతో చేసే గట్టి పనులన్నిటినీ కలిపి హార్డ్‌స్కేప్ అంటారు. దారులు, అరుగులు, మెట్లు, చెట్టు చుట్టూ కట్టే గట్టు, మట్టిని నిలబెట్టే రాతికట్టడం దీనిలోకి వస్తాయి. మట్టి, మొక్కలు, చెట్లు, పచ్చిక సాఫ్ట్‌స్కేప్. నేలను ఎత్తుపల్లాలు సరిచేసి నీరు ఎటు పారాలో నిర్ణయించే పని గ్రేడింగ్. మన మేస్త్రీలు "వాటం పెట్టడం" అనేది ఇదే. ఇంకకుండా పైపైన పారిపోయే వాననీరు రన్ఆఫ్. ఆ నీటిని సిమెంటు కాలువలో కాకుండా, లోతు తక్కువగా వెడల్పుగా తీసి గడ్డి మొలవనిచ్చిన పల్లంలో నెమ్మదిగా నడిపిస్తూ ఇంకిస్తే ఆ పల్లాన్ని స్వేల్ అంటారు. పరిచినవి పక్కకు జరగకుండా అంచున పాతే రాతి లేదా కాంక్రీటు వరుస ఎడ్జింగ్; కర్బ్ అనే మాట కూడా వాడతారు.

హార్డ్‌స్కేప్‌కు చదరపు అడుగు చొప్పున ధర కట్టి, గ్రేడింగ్ ఊసే లేకుండా, ఎడ్జింగ్‌ను "అవసరమైతే" అని వదిలేసిన కాగితం వస్తే, ధర ఎంత తక్కువున్నా దానిని పక్కన పెట్టమని నా సలహా. నేల పాడయ్యేది సాధారణంగా పైనున్న రాయి వల్ల కాదు. వాటం, అడుగున వేసే పొర, అంచు అనే ఈ మూడింటి వల్ల.

## ఎంచుకునే ముందు చూడవలసినవి

మొదటిది నీరు. అనంతపురంలో సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు, కర్నూలులో సుమారు 670, కడపలో సుమారు 700. ఇంత తక్కువ వాన పడే చోట నీరు నిలవడం గురించి బెంగ దేనికని అనిపిస్తుంది. అయితే ఆ వానలో పెద్ద భాగం ఏడాదిలో కొద్ది రోజుల్లో, ఒక్కోసారి కొద్ది గంటల్లోనే దిగిపోతుంది. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. 50 మిల్లీమీటర్ల జడివాన మన 90 చదరపు మీటర్ల మీద పడితే 4,500 లీటర్లు, అంటే వేసవిలో డబ్బిచ్చి తెప్పించుకునే ట్యాంకరుకు కాస్త తక్కువ. నేలంతా సిమెంటుతో మూసేస్తే ఆ ట్యాంకరు నీరు గేటు కిందుగా వీధిలోకి పోతుంది. వీధి కాలువ నిండితే అదే నీరు అదే గేటు కిందుగా వెనక్కి వస్తుంది. ఇంటి ఆవరణలో వాననీటిని ఇంకించే ఏర్పాటు ఉండాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కూడా చెబుతుంది.

రెండవది మట్టి, ఈ మూడు ఊళ్లలో అసలు తేడా ఇక్కడే ఉంది. అనంతపురం చుట్టుపక్కల ఎక్కువగా ఎర్రనేలలు. ఇసుక కలిసిన ఎర్రమట్టి గంటకు ఇరవై, ముప్ఫై మిల్లీమీటర్ల నీటిని తాగగలదు. కర్నూలు, నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి విస్తారంగా ఉంది. బంకమట్టి గంటకు ఐదు మిల్లీమీటర్లకు మించి తాగడం అరుదు. పైగా నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేయి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. దాని మీద నేరుగా ఏది పరిచినా మూడు, నాలుగు వానాకాలాల్లో అలలు తేలుతుంది. మీ నేల ఏ రకమో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. అడుగు లోతు గుంత తీసి, నిండా నీళ్లు పోసి ఒకరోజు నాననిచ్చి, మర్నాడు మళ్లీ నింపి, గంటలో ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలుతో కొలవండి. దిగింది అర అంగుళం కూడా లేకపోతే, ఇంకుడు మీద పెట్టుకున్న ఆశలను తగ్గించుకుని వాటం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

మూడవది వేడి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊళ్లు ఇవి. పగలంతా కాలిన రాయి, సిమెంటు సూర్యుడు దిగాక ఆ వేడిని నెమ్మదిగా వదులుతాయి. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఒంటికి తగిలేది ఆ ఆవిరే. ఎండాకాలం గుళ్లలో ప్రదక్షిణ దారి పొడవునా తెల్లరంగు పట్టీ వేసి, కొబ్బరిపీచు పట్టాలు పరిచి నీళ్లు చల్లడం అందరం చూసినదే. మన వాకిట్లో అలాంటి ఏర్పాట్లు ఉండవు కనుక, పడమటి ఎండ నేరుగా పడే చోట నల్లని గట్టినేల ఎంత తక్కువుంటే అంత మేలు.

ఇక మిగిలినవి రెండు. ఆ నేల ఏ బరువు మోయాలన్నది ఒకటి: సైకిలా, కారా, నీళ్ల ట్యాంకరా? దానిని చూసుకోవడానికి ఇంట్లో ఎంత ఓపిక, ఎంత నీరు ఉన్నాయన్నది రెండవది.

## ఒక్క చూపులో

| ఎంపిక | నీరు ఇంకడం | ఎండలో వేడి | బరువు మోయడం | నల్లరేగడి మీద | ఆ తర్వాతి పని |
|---|---|---|---|---|---|
| నాపబండ, సిమెంటు మీద | దాదాపు లేదు | ఎక్కువ (నలుపు అయితే మరీ) | మందాన్ని బట్టి. కారుకు అడుగున కాంక్రీటు కావాలి | అడుగున మట్టి మార్చకపోతే పగుళ్లు | తక్కువ. ఆమ్లం తగలకూడదు |
| నాపబండ, సందులు వదిలి ఇసుక మీద | మధ్యస్థం | మధ్యస్థం | మనుషులకు, సైకిళ్లకు | కదిలినా తిరిగి సర్దవచ్చు | సందుల్లో కలుపు |
| పేవర్ బ్లాకులు | కొద్దిగా, ఇసుక పరుపు మీదైతే | ఎక్కువ | 60, 80 మి.మీ. మందాల్లో కారు సులభం | కదిలినా తిరిగి సర్దవచ్చు | సందుల ఇసుక నింపుకోవాలి |
| కాంక్రీటు | లేదు | ఎక్కువ | చాలా బాగుంటుంది | పగిలితే బాగుచేయడం కష్టం | తక్కువ |
| గరుసు, కంకర | గరుసు కొంత, కంకర బాగా | తక్కువ నుంచి మధ్యస్థం | గట్టిగా దిమ్మిస్తే కారు ఆగుతుంది | మంచిదే | ఏటా పైపొర |
| పచ్చిక, మొక్కలు | బాగా | అన్నిటికన్నా తక్కువ | నడకకే | పర్వాలేదు | నీరు, శ్రమ రెండూ ఎక్కువ |

పట్టికలో ధర లేదు. రాయికి ధర కట్టేది గని కాదు, లారీ. గనుల దగ్గరి ఎర్రగుంట్లలో ఉన్న ఇంటికీ దూరాన హిందూపురంలో ఉన్న ఇంటికీ అదే బండ ఒకే ధరకు చేరదు.

## నాపబండ: మన కింద ఉన్న రాయి

కడప బండ పేరుతో దేశమంతా వంటింటి గట్లుగా మారిన ఈ నల్లరాయి సున్నపురాయి జాతిది. పొరలు పొరలుగా విడివడే గుణం ఉన్నందువల్ల పలకలుగా తీయడం సులభం. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు గనులు, తాడిపత్రి, బేతంచెర్లలోని పాలిష్ మిషన్లు దగ్గరగా ఉండడం ఈ ప్రాంతపువారికి పెద్ద వెసులుబాటు. బేతంచెర్ల వైపు లేత ఛాయల్లో కూడా దొరుకుతాయి. ఆరుబయట ఎండలో పరిచేందుకు నలుపు కన్నా ఆ లేత రంగే నయం.

సున్నపురాయి కనుక దాని బలహీనత కూడా తెలిసినదే. బెలుం గుహలు నీటిలో కరిగిన కొద్దిపాటి ఆమ్లం ఇదే జాతి రాతిని లక్షల ఏళ్లపాటు తొలుచుకుంటూ పోగా ఏర్పడినవి. మనింట్లో అంత కాలం పట్టదు: నిమ్మరసం, చింతపండు పులుసు, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ చుక్క పడితే పాలిష్ బండ మీద తెల్లని మచ్చ నిలిచిపోతుంది. వాకిట్లో అంట్లు తోమే అలవాటున్న ఇళ్లు దీనిని ముందే లెక్కలోకి తీసుకోవాలి. బోరునీటితో రోజూ కడిగితే ఆ నీటిలోని లవణాలు నల్లబండ మీద తెల్లని పొరగా పేరుకుంటాయి. దానిని పోగొట్టాలని యాసిడ్ పోసినవారు రాయినే పోగొట్టుకున్నారు.

ఆరుబయట ఎప్పుడూ పాలిష్ బండ వద్దు. వాన పడితే జారుతుంది, ఎండకు రెండేళ్లలో నలుపు వెలిసి బూడిద రంగుకు తిరుగుతుంది. పైముఖం సహజంగా గరుకుగా ఉండి, అంచులు మాత్రం మిషన్ మీద కోసిన రఫ్ బండ తీసుకోవాలి. మనుషులు నడిచే దారికి అంగుళం, అంగుళంన్నర మందం చాలు. కారు ఎక్కే చోట రెండు అంగుళాల బండ, దాని కింద నాలుగు అంగుళాల కాంక్రీటు ఉండాలి. అలా చూస్తే బండ అక్కడ అలంకారమే, మోసేది కాంక్రీటు.

అసలు నిర్ణయం బండను దేని మీద పరచాలన్నది. సిమెంటు మాలు మీద పరిచి, సందులను సిమెంటుతో పూడిస్తే (పాయింటింగ్) నేల శుభ్రంగా ఉంటుంది, ఊడ్చడం తేలిక, ముగ్గు ముచ్చటగా కనిపిస్తుంది; చుక్క నీరు మాత్రం ఇంకదు. రెండంగుళాల ఇసుక పరుపు మీద, బండకూ బండకూ మధ్య అంగుళం నుంచి రెండంగుళాల సందు వదిలి, ఆ సందుల్లో సన్నకంకరో గరికో నింపితే వాన అక్కడికక్కడే దిగుతుంది, సందుల్లోని పచ్చదనం వల్ల వేడి కూడా తగ్గుతుంది. నా మొగ్గు ఈ రెండో పద్ధతి వైపే. అయితే చేతికర్ర మీద నడిచే పెద్దవారుంటే వారి దారి వరకు సందులు మూసేయాలి. కర్ర మొన సందులో దిగితే మనిషి ముందుకు పడతాడు.

## పేవర్ బ్లాకులు: ఊరంతా వేస్తున్నవి

సందులు కలుపుకుంటూ పేర్చే ఈ సిమెంటు బిళ్లలకు ఉన్న అసలు సుగుణం గురించి అమ్మేవారు ఎక్కువగా చెప్పరు. వాటిని తీసి మళ్లీ వేయవచ్చు. కొత్త కుళాయి కనెక్షన్ వచ్చినా, మురుగు పైపు మూసుకుపోయినా, నల్లరేగడి ఉబ్బి ఒక మూల లేచినా, నాలుగు వరుసలు ఎత్తి, ఇసుక సర్ది, అవే బిళ్లలు తిరిగి పేర్చుకోవచ్చు. కాంక్రీటుకు ఆ భాగ్యం లేదు.

కొనేటప్పుడు రెండు రకాలను వేరుగా గుర్తించాలి. రబ్బరు అచ్చుల్లో పోసి ఆరబెట్టిన మెరిసే రంగు బిళ్లలు షాపులో చూడడానికి బాగుంటాయి, తడిస్తే జారుతాయి, మన ఎండకు రంగు త్వరగా వెలుస్తుంది. మిషన్ మీద ఒత్తిడితో, ప్రకంపనతో దిమ్మించి చేసినవి గరుకుగా, మెరుపు లేకుండా ఉంటాయి. ఆరుబయటకు తగినవి అవే. భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం మనుషులు మాత్రమే నడిచే చోటుకు 50 మిల్లీమీటర్ల మందం, కార్ల వంటి తేలిక వాహనాలకు 60, అంతకు మించిన రాకపోకలకు 80 చూసుకోవాలి. వేసవిలో నీళ్ల ట్యాంకరును లోపలికి రప్పించుకునే ఇళ్లు కారును కాదు, ట్యాంకరును లెక్కలోకి తీసుకోవాలి; అందులో నీటి బరువే ఐదు టన్నులు.

పరుపు విషయంలో ఒక పొరపాటు తరచుగా కనిపిస్తుంది. అడుగున కాంక్రీటు పోసి, దాని మీద సిమెంటు మాలుతో పేవర్లను అతికిస్తారు. అప్పుడు నీరు ఇంకదు, తిరిగి తీయడానికీ రాదు. పేవరుకున్న రెండు సుగుణాలూ పోయి ధర మాత్రం మిగులుతుంది. దిమ్మించిన గరుసు మీద అంగుళం, అంగుళంన్నర ముతక ఇసుక, దాని మీద బిళ్లలు, చుట్టూ కాంక్రీటులో పాతిన అంచు రాయి, సందుల్లో సన్న ఇసుక ఉండాలి. అంచు రాయి లేకపోతే కారు చక్రం తిరిగిన చోట బిళ్లలు ఏడాదిలో విచ్చుకుంటాయి.

ముగ్గు సంగతి కూడా చెప్పాలి. పేవర్ల గరుకు మీద, సందుల మీద ముగ్గు గీత తెగిపోతుంది. పిండి సందుల్లోకి జారుతుంది. అందుకని గేటు ముందు ఆరడుగుల చదరాన్ని నాపబండకు వదిలి మిగతాది పేవర్లు వేయించుకున్న ఇళ్లున్నాయి. ఇది చిన్న విషయంలా కనిపించినా, ఆ వాకిలిని రోజూ వాడే మనిషిని అడగకుండా తీసుకున్న నిర్ణయం ఎంతో కాలం నిలవదు.

## కాంక్రీటు

కారు, ట్రాక్టరు నిలిచే చోటికి, పంట ఆరబోసుకునే చోటికి కాంక్రీటును కాదనలేం. నాలుగంగుళాల మందం, పదడుగులకు ఒక జాయింటు, వేసిన మర్నాటి నుంచి మడులు కట్టి కనీసం ఏడు రోజులు నీళ్లు నిలపడం – ఈ మూడూ జరిగితే ఇరవై ఏళ్లు చూసుకోనక్కరలేదు. మే నెలలో పోయించి, నీళ్లు లేక రెండు రోజులకే క్యూరింగ్ ఆపేసిన కాంక్రీటు మీద మాత్రం సాలెగూడు లాంటి పగుళ్లు రాక మానవు.

మా పాత ఇంటి పెరడు మొత్తాన్ని, బురద బాధ పడలేక, ఒకే వేసవిలో కాంక్రీటుతో కప్పించాం. వేపచెట్టు మొదలు చుట్టూ జానెడు వదిలి. మూడో ఏటికి పైకొమ్మలు ఎండడం మొదలైంది. తర్వాత మొదలు చుట్టూ నాలుగడుగుల మేర పగలగొట్టించాం. పోయించినదానికన్నా పగలగొట్టించినందుకే కూలీ ఎక్కువైంది. చెట్టున్న చోట ఆ నాలుగడుగుల చదరాన్ని మట్టిగానే వదలడం ఎవరి డిజైన్‌లోనైనా మొదటి గీత కావాలి.

## గరుసు, కంకర

తక్కువ ఖర్చుతో గౌరవంగా గడిపే మార్గం ఇదే. గరుసును ఆరంగుళాల పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస్తే నేల గట్టిపడుతుంది. దాని మీద రెండంగుళాల కంకర పరిస్తే దుమ్ము లేవదు. ఇప్పుడు డబ్బు లేనివారు ఇది చేసుకుని ఐదేళ్ల తర్వాత దీని మీదే పేవర్లు వేసుకోవచ్చు, ఎందుకంటే పేవర్లకు కావలసిన అడుగు అప్పటికే సిద్ధంగా ఉంటుంది. కంకర పొరను ఇంటి గోడ దాకా, చెత్త పేరుకునే మూలల దాకా తీసుకుపోకండి; రాళ్ల సందులు తేళ్లకు ఇష్టమైన తావులు. చక్రాల కుర్చీకీ కంకరకూ పొసగదు.

## పచ్చిక, మొక్కలు

పచ్చిక గురించి నిర్ణయించే ముందు ఒక లెక్క వేసుకోవాలి. మన వేసవిలో చదరపు మీటరు పచ్చిక రోజుకు సుమారు ఐదు లీటర్ల నీరు అడుగుతుంది. 50 చదరపు మీటర్లకు 250 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది నీటి సరఫరా లెక్కల్లో వాడే కొలమానం. అంటే ఆ పచ్చిక ఇంట్లో ఇద్దరు మనుషుల వాటా తాగుతుంది. కుళాయి రెండు రోజులకోసారి వచ్చే వీధిలో ఇది వేసవి మధ్యలో తెగే తాడు. పిల్లల కోసం పదీ పదిహేను చదరపు మీటర్ల పచ్చిక చాలు, అదీ నర్సరీలో చాపలా చుట్టి అమ్మే సుకుమారపు గడ్డి కాకుండా గరిక అయితే. గరిక ఎండినట్టు కనిపించినా మొదటి వానకు లేస్తుంది.

మిగిలిన సాఫ్ట్‌స్కేప్‌కు తంగేడు, నందివర్ధనం, కాగితపు పూల తీగ, కలబంద తక్కువ నీటితో గడుపుతాయి. గన్నేరు కూడా అంతే గట్టిది. దాని ప్రతి భాగమూ విషమే కనుక చిన్నపిల్లలు, మేకలు తిరిగే చోట వద్దు. కడియం నర్సరీల నుంచి వచ్చే మొక్కలు గోదావరి గాలికి అలవాటుపడినవి. వాటిని ఏప్రిల్‌లో తెచ్చి నాటడం వాటికీ మీకూ శిక్షే. తొలకరి పడ్డాకే నాటాలి.

నీడ కోసం ఒక్క చెట్టుకే చోటుంటే పడమర వైపు, ఇంటి గోడకు పది పన్నెండు అడుగుల దూరంలో వేప గానీ కానుగ గానీ నాటండి. మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాల్చినా ఎండ ముదిరేసరికి రెండూ కొత్త ఆకుతో నిండుతాయి. రావి, మర్రి ఇంటి ఆవరణకు తగినవి కావు. వాటి వేళ్లు పునాదిని వెతుక్కుంటూ వస్తాయి.

## ఏది పరిచినా తప్పనిది: వాటం, మట్టం

సిమెంటు, పేవరు నేలకు పదడుగులకు రెండంగుళాల చొప్పున, ఇంటి గోడ నుంచి బయటికి వాటం ఉండాలి. రఫ్ బండకు మరికాస్త, రెండున్నర అంగుళాల దాకా. ఇంటి లోపలి నేల మట్టం చుట్టూ ఉన్న నేల కన్నా కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తు ఉండాలని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతుంది. ఆవరణలో కొత్తగా ఆరంగుళాల గరుసు, దాని మీద పేవర్లు పోసుకుంటూ పోతే ఆ అడుగున్నర తొమ్మిదంగుళాలకు పడిపోతుంది. తర్వాతి జడివానలో నీరు గడప దగ్గర నిలుస్తుంది. పరిచే మందమెంతో అంత మట్టిని ముందుగా తవ్వి తీయడం ఖర్చు కాదు, జాగ్రత్త.

మన ఊళ్లలో మరో చిక్కుంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే వేయడంతో వీధి ఏటేటా లేస్తూ ఉంటుంది, పాత ఇళ్లు పల్లంలోకి దిగుతూ ఉంటాయి. కొత్తగా కట్టేవారు ఆవరణ మట్టాన్ని ఇప్పటి రోడ్డు నడిమి ఎత్తుకు కనీసం అడుగు పైన పెట్టుకోవాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు ఏ మట్టమూ ఆగలేదు, నిజమే; కానీ ఏటా వచ్చే మామూలు జడివానకు ఈ అడుగే కాపాడుతుంది.

నల్లరేగడి ఉన్నచోట గట్టిగా ఏది పరచాలన్నా అడుగున్నర, వీలైతే రెండడుగుల మేర ఆ మట్టిని తీసి గరుసుతో నింపి దిమ్మించాలి. ఇంకుడు గుంతను ఇంటి పునాదికి పదడుగుల కన్నా దగ్గరగా తీయకూడదు. గోడ పక్కన నేల ఒకవైపు తడిసి, మరోవైపు ఎండి ఉంటే గోడలు పగులుతాయి. ఎర్రనేల ఉన్నవారికి ఈ బాధ తక్కువ. మిద్దె నీటిని, ఆవరణ నీటిని కలిపి ఒక స్వేల్ గుండా గుంతలోకి నడిపించుకోవచ్చు.

## ఎవరికి ఏది

అద్దెకు ఇవ్వడానికి కట్టే ఇల్లయితే పేవర్లు. అద్దెకుండేవారు మొక్కలకు నీళ్లు పోస్తారని ఆశపడవద్దు, పైపులు బాగుచేయించవలసి వస్తుందని మాత్రం ఖాయంగా అనుకోండి. అనంతపురం పల్లెల్లో చెనక్కాయలు ఆరబోసుకునే రైతు ఇంటికి ఇరవై అడుగుల కాంక్రీటు కళ్లం ఉండాలి, మిగతా పెరడు మట్టిగానే ఉండనివ్వాలి. పశువుల గిట్టలకు పాలిష్ బండ కన్నా మట్టే మేలు.

పెద్దవారు, చక్రాల కుర్చీ వాడేవారు ఉన్న ఇంటికి లెక్క వేరు. అడుగున్నర ఎత్తున్న గడపకు వాలుదారి కావాలంటే, ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు అనే నిష్పత్తి ప్రకారం పద్దెనిమిది అడుగులు పడుతుంది. ఐదు సెంట్ల స్థలంలో ఇది ఇంటి ప్రక్క పొడవునా సాగే దారి. ఇల్లు కట్టాక గుర్తొస్తే చోటుండదు. ఆ దారికి గరుకు కాంక్రీటో, సందులు మూసిన రఫ్ బండో మాత్రమే వాడాలి.

ఈ ప్రత్యేక అవసరాలేవీ లేని ఐదు సెంట్ల ఇంటికి నేనైతే ఇలా గీస్తాను. గేటు నుంచి కారు నిలిచే చోటు వరకు 60 మిల్లీమీటర్ల పేవర్లు, గేటు ముందు ముగ్గుకు లేతరంగు నాపబండ, ఇంటి చుట్టూ నడవడానికి మూడడుగుల వెడల్పున సందులు వదిలిన బండల దారి, పడమర మూల వేపచెట్టు, దాని చుట్టూ మట్టి, ప్రహరీ వెంబడి రెండడుగుల మొక్కల వరుస. ఇలా వేస్తే ఆవరణలో సగానికి దగ్గరగా నేల నీరు తాగేదిగా మిగులుతుంది. నల్లరేగడి అయితే మొక్కల వరుసను ఇంటి గోడకు ఆనించకుండా ప్రహరీ వైపుకే ఉంచుతాను.

పని అయ్యాక, చివరి డబ్బు చేతికి ఇచ్చే ముందు, నాలుగైదు బకెట్ల నీళ్లు ఇంటి గోడ వారగా, మూలల్లో, గేటు లోపలి వైపు గుమ్మరించి అరగంట ఆగండి. ఎక్కడైనా గోడ వైపు నీరు తిరిగినా, అరచేయంత మడుగు నిలిచినా ఆ చోటు చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, మేస్త్రీ అక్కడున్నప్పుడే ఎత్తించి సర్దించండి. మాలు గట్టిపడి, మనుషులు మరో ఇంటి పనికి వెళ్లిపోయాక ఆ మడుగు మీదే.